నాలుగూ తొమ్మిదీ

సిలార్ నా పేపర్లోకి చూశాడా, చూడలేదా?

పద్నాలుగేళ్లు నేను మోసిన సందేహం ఇది. రోజూ తెల్లవారుతూనే స్నానం చేసి, కోటప్పకొండ స్వామి పటం ముందు దీపం వెలిగించి కళ్లు మూసుకుంటాను. స్వామిని పెద్ద కోరికలేమీ అడగను. మిరప తోటకు తెగులు పట్టకూడదని, ఇంట్లోవాళ్లు చల్లగా ఉండాలని అనుకుంటాను. అంతా అయ్యి లేవబోయే సమయానికి ఆ ప్రశ్న వచ్చేది. చూసే ఉంటాడు అని నాకు నేనే జవాబు చెప్పుకుని లేచేవాణ్ని. అంత గట్టిగా తెలిసినవాణ్ని మర్నాడు మళ్లీ ఎందుకు అడుగుతున్నానో మాత్రం ఆలోచించలేదు.

సిలార్‌దీ నాదీ ఒకే ఊరు, ఒకే ఈడు. వాళ్లది దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. మాది నాలుగెకరాల నల్లరేగడి మీద పత్తీ మిరపా పండించుకునే ఇల్లు. పక్క ఊళ్లో ఉన్న బోర్డు హైస్కూలుకు ఇద్దరం మూడు మైళ్లు చేలగట్ల మీద నడిచి వెళ్లేవాళ్లం. వాడికి లెక్కలంటే ప్రాణం. నడుస్తూ నడుస్తూ ముందురోజు లెక్కలన్నీ నాకు మళ్లీ చెప్పేవాడు. పక్క చేలోంచి రెండు పత్తికాయలు తెంపి, అరచేతిలో అటూ ఇటూ మారుస్తూ ఏదో వివరించేవాడు. నేను తలూపేవాణ్ని. నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదంటే వాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడని భయం.

నా చదువు వేరే రకం. చిన్నప్పుడు మా తాత నాకు శ్లోకాలు వల్లె వేయించాడు. దాంతో ఏది చూసినా అక్షరం పొల్లు పోకుండా గుర్తుండిపోయేది. చరిత్రలో సంవత్సరాలు, భూగోళంలో నదులు, ఆఖరికి బీజగణితం లెక్కలు కూడా వరుసకు వరుస బట్టీ పట్టేవాణ్ని.

మా లెక్కల మాస్టారు అంకారావు గారు. మధ్యపదాన్ని విడగొట్టడం మొదలుపెట్టిన రోజున బోర్డు మీద x² + 7x + 12 అని రాసి నన్ను లేపారు.

"భావనారాయణా, ఆ ఏడుని రెండు ముక్కలు చెయ్యరా."

"ఆరూ ఒకటీ అండి."

క్లాసంతా గొల్లుమంది. నా తప్పేముంది? మా కల్లాల్లో బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనం, లాభం అంటాం. ఏడో బస్తా దగ్గర ఆ అంకె నోటితో పలకం, అశుభం. ఆరున్నొకటి అంటాం. పుట్టినప్పటినుంచి నేను విన్న ఏడు అదే.

"ఇది కల్లం కాదురా నాయనా," అన్నారు మాస్టారు, ఆయన కూడా నవ్వుతూ. "ఇక్కడ మూడూ నాలుగే."

ఎందుకో కూడా చెప్పే ఉంటారు. నేను మూడు, నాలుగు అని రాసుకుని కూర్చున్నాను. నాకు అర్థమైనదల్లా ఇది: కల్లంలో ఒక ఆచారం, బడిలో ఒక ఆచారం. ఏ అంకెనైనా ఎవరికి తోచినట్టు వాళ్లు విడగొట్టవచ్చు. పుస్తకం ఎలా విడగొట్టిందో అలా రాస్తే మార్కులు వస్తాయి. ఆ రోజు తలకెక్కిన ఆ మాట పద్నాలుగేళ్లు దిగలేదు.

1952 మొదట్లో సెలెక్షన్ పరీక్ష వచ్చింది. అందులో గట్టెక్కినవాళ్లనే ఎస్సెల్సీకి పంపుతారు. సిలార్ ఎస్సెల్సీ అయితే తానే దగ్గరుండి టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టిస్తానని అంకారావు మాస్టారు అంతకుముందే చెప్పారు. వాడు మా గట్ల మీద నిలబడి పత్తి మొక్కలకు పాఠాలు చెప్పేవాడు అప్పట్లో. సరిగ్గా పరీక్షల వారం మాస్టారికి టైఫాయిడ్ వచ్చి ఒంగోలు వెళ్లిపోయారు. మళ్లీ మా స్కూలుకు రాలేదు, అటునుంచి అటే బదిలీ అయింది.

లెక్కల పేపర్లో మూడో ప్రశ్న 6x² + 13x + 6. నేను బట్టీ పట్టిన లెక్కే. ఆనందంగా రాయబోతే నా కలం పాళీ విరిగింది. పక్క బల్ల మీద సిలార్. విరిగిన పాళీ చూపించాను. వాడు పెట్టెలోంచి తన రెండో పాళీ, ఇత్తడిది, తీసి నా వైపు వంగి చేతిలో పెట్టాడు.

"రేపు ఇచ్చేస్తా," అని గొణిగాను.

వెనకనుంచి చూస్తున్న సూపర్‌వైజరుకు వాడు వంగడం కనపడింది గాని పాళీ కనపడలేదు. మా ఇద్దరి నంబర్లూ రాసుకున్నాడు.

మూడో రోజున హెడ్మాస్టరు గదికి పిలిచారు. ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. బల్ల మీద మా పేపర్లు రెండూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. మిగతా లెక్కల్లో మా ఇద్దరికీ పోలికే లేదు, నావి సగం తప్పులు. మూడో లెక్క మాత్రం ఇద్దరిదీ ఒప్పు. పదమూడుని నేను 4x + 9x అని విడగొట్టాను. వాడు 9x + 4x అని విడగొట్టాడు.

"వంగి చూశావా?" అని సిలార్‌ని అడిగారు.

"లేదండి."

"మరి ఎందుకు వంగావు?"

వాడు నా వైపు చూశాడు. పాళీ సంగతి నేను చెబుతానని చూశాడు. పరీక్షలో మాట్లాడినవాళ్లకు ఆ ఏడాది పోయినట్టేనని మా నాన్న ముందే బెదిరించి పంపాడు. నేను తల వంచుకున్నాను. వాడు కూడా చెప్పలేదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నన్ను ఎవరూ అడగని మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది.

"సార్, పదమూడుని ఎన్నో రకాలుగా విడగొట్టొచ్చండి. పన్నెండూ ఒకటీ, పదీ మూడూ, ఎనిమిదీ ఐదూ. ఇద్దరికీ ఆ నాలుగూ తొమ్మిదే ఎలా వస్తాయండి?"

అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. పాళీ ఇచ్చేటప్పుడు వాడి కళ్లు నా కాగితం మీద పడి ఉంటాయని అప్పటికప్పుడు నమ్మాను. లేకపోతే అవే అంకెలు ఎలా వస్తాయి?

హెడ్మాస్టరు తలూపారు. "పైగా తిరగేసి రాశాడు, దొరక్కుండా," అన్నారు.

సిలార్ నన్నే చూశాడు. కోపం కాదు. మనిషికి ఉన్నట్టుండి చెంపదెబ్బ తగిలితే మొదట నొప్పి తెలియదే, ఆ చూపు. వాడి పేరు లిస్టులోంచి కొట్టేశారు. నేను థర్డ్ క్లాసులో ఎస్సెల్సీ పాసై, పెళ్లి చేసుకుని, మా నాన్న నాగలే పట్టుకున్నాను. వాడు వాళ్ల నాన్న విల్లు పట్టుకుని దూది ఏకాడు. ఊళ్లో 'కాపీ సిలార్' అనే పేరు నిలిచిపోయింది. ఎప్పుడైనా వీధిలో ఎదురైతే 'నమస్కారం భావనారాయణ గారూ' అని పక్కకు తప్పుకునేవాడు. గారు అనే మాట అంత చల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అరవై ఆరు జనవరిలో మా ఊరి సొసైటీ ఒక మంచి పని తలపెట్టింది. ఏటా షావుకార్ల కాటాల దగ్గర మిరప రైతు మోసపోతున్నాడని, సొంతంగా కాటా పెట్టి ఊళ్లోనే బస్తాలు తూయించాలని తీర్మానించాం. కాటా దగ్గర నిలబడే మనిషి కావాలి. సిలార్ దరఖాస్తు పెట్టుకున్నాడు. చిలకలూరిపేటలో దూది ఏకే మిషను వచ్చి రెండేళ్లయింది, వాడిని పిలిచేవాళ్లు లేరు. ఈ పని దొరక్కపోతే ఇల్లు వదిలేసి, పెళ్లాం పిల్లలతో గుంటూరు పోయి గోడౌన్లలో బేళ్లు మోయాల్సిందేనని ఊరంతటికీ తెలుసు.

సొసైటీ ప్రెసిడెంటు రోశయ్య గారు. ఆయనకు బావమరిది ఒకడున్నాడు, ఈ పని వాడికి ఇప్పించాలని ఆయన ఉద్దేశం. మీటింగుకు ముందురోజు సాయంత్రం రోశయ్య గారు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ అన్నాడు:

"రేపు నువ్వు ఉపన్యాసాలేం ఇవ్వక్కర్లా భావనారాయణా. వాడు కాపీ కొట్టింది నీ పేపరేగా. నేనడుగుతా, నువ్వు అవునను. ఒక్క ముక్క."

"చూద్దాంలెండి."

"చూసేదేముందయ్యా! దేవుడి ముందు రోజూ కూర్చునేవాడివి, అబద్ధం చెప్పమంటున్నానా నిన్ను?"

లేదు. ఆయన అబద్ధం చెప్పమనలేదు. నేను కూడా అలాగే అనుకున్నాను.

మర్నాడు పొద్దున పూజకు పూలు కోసుకుని వస్తున్నాను. మా అమ్మాయి మల్లేశ్వరి ఎనిమిదో తరగతి చదువుతోంది. వసారాలో పలకా పుస్తకం ముందేసుకుని గట్టిగా చదువుతోంది.

"ఆరార్లు ముప్పై ఆరు. గుణిస్తే ముప్పై ఆరు రావాలి, కూడితే పదమూడు రావాలి..."

నేను ఆగిపోయాను. "ఏ లెక్కమ్మా అది?"

"కారణాంకాలు నాన్నా. 6x² + 13x + 6."

"పదమూడుని ఎలా విడగొట్టావు?"

"నాలుగూ తొమ్మిదీ."

పూల సజ్జ నా చేతిలోనే ఉంది. నవ్వడానికి ప్రయత్నించాను. "ఎవరిది చూసి రాశావే?"

"చూసేదేంటి నాన్నా! ఇంట్లో ఈ లెక్కలు చేసేది నేనొక్కదాన్నేగా." దానికి రోషం వచ్చింది. "అవే వస్తాయి."

"అవే ఎందుకు వస్తాయి? పన్నెండూ ఒకటీ అనుకోవచ్చుగా. అది కూడా పదమూడేగా."

"గుణించు మరి. పన్నెండొకట్ల పన్నెండే. మనకి ముప్పై ఆరు కావాలి. ఈ చివర ఆరూ ఆ చివర ఆరూ గుణిస్తే వచ్చింది ఆ ముప్పై ఆరు."

"పదీ మూడూ?"

"ముప్పై."

"ఎనిమిదీ ఐదూ?"

"నలభై. దాటిపోయింది." మల్లేశ్వరి నా వైపు జాలిగా చూసింది. "నాన్నా, నువ్వు ఎస్సెల్సీ చదివావుగా! కూడితే పదమూడూ, గుణిస్తే ముప్పై ఆరూ అయ్యేవి ఆ రెండే. ఇంక లేవు. మన ఊళ్లో చేసినా ఢిల్లీలో చేసినా అవే."

సజ్జ ఎప్పుడు జారిందో తెలియదు. మందారాలు వసారా నిండా పడ్డాయి. అవే వస్తాయి. లెక్క తెలిసిన ప్రతివాడికీ అవే వస్తాయి. తెలిసినవాడు వెయ్యిమంది ఉంటే వెయ్యిమందికీ అవే. మరి ఆ రోజు నేను హెడ్మాస్టరు ముందు నిలబడి, ఎంతో తెలివైనవాడిలా, అడిగిన మాట ఏమిటి?

దిగబడిపోతున్నవాడు గడ్డిపోచ కోసం చూసినట్టు నేను మరొకటి అడిగాను.

"తొమ్మిది ముందు రాస్తే?"

"ఎలా రాసినా చివరికి ఒకటే. కానీ మధ్య వరుస మారిపోతుంది, చూడు."

పలక మీద రెండు పక్కలా రాసింది. ఒక పక్క నాలుగు ముందు:

6x² + 4x + 9x + 6
2x(3x + 2) + 3(3x + 2)

రెండో పక్క తొమ్మిది ముందు:

6x² + 9x + 4x + 6
3x(2x + 3) + 2(2x + 3)

"బ్రాకెట్లో ఉన్నవే వేరైపోయాయి చూశావా? బయటివి లోపలికి, లోపలివి బయటికి."

చూశాను. నా బుద్ధి ఎంత మందమైనా నా కళ్లు చూసింది మర్చిపోవు. హెడ్మాస్టరు బల్ల మీద కుడివైపున ఉన్న కాగితం నా ముందుకు వచ్చి నిలిచింది. సిలార్ గుండ్రటి దస్తూరీ. రెండో వరుస: 3x(2x + 3) + 2(2x + 3). మల్లేశ్వరి పలక మీద ఉన్నది అక్షరం తేడా లేకుండా అదే.

"మల్లీ," అన్నాను. "లెక్క రానివాడు, ఈ పక్కది చూసి, తొమ్మిది ముందుకు తిప్పి రాశాడనుకో. ఈ రెండో వరుస రాయగలడా?"

"ఎలా రాస్తాడు? ఇందులో లేదుగా చూడ్డానికి. తనే చెయ్యాలి."

తనే చెయ్యాలి. తనే చేశాడు. ఆ గదిలో ఆ లెక్క చేసినవాడు వాడొక్కడే. నేను బట్టీ పట్టి దింపాను. కాపీ కొట్టింది నేనే, కాకపోతే పుస్తకంలోంచి, ఇంట్లో కూర్చుని.

మా ఆవిడ మాణిక్యమ్మ లోపలినుంచి వచ్చి పూలు చూసి కంగారు పడింది. "ఏమైందండీ? కళ్లు తిరిగాయా?"

"లేదు. కళ్లు తిరగలేదు."

పటం ముందు కూర్చున్నాను. దీపం వెలిగించడానికి నాలుగు పుల్లలు గీశాను. స్వామీ, నేను అబద్ధం చెప్పలేదు, నిజమనుకునే చెప్పాను అందామనుకున్నాను. తెలియక చేసినదాన్ని ఏమంటారో నాకు ఇప్పటికీ తెలియదు. పాపమా, పొరపాటా? ఏదైనా వాడి చదువు పోవడం ఒక్కటే. పైగా పాళీ సంగతి తెలియక దాచలేదు. తెలిసే దాచాను. ఆ రోజు పూజ సాగలేదు.

మీటింగు మధ్యాహ్నం సొసైటీ గోడౌన్లో. కమిటీ ఐదుగురం బెంచీ మీద, రైతులు పాతికమంది గోనెసంచుల మీద కూర్చున్నారు. నేల మీద ఎవరో తెచ్చిన కొత్త మిరపకాయల మచ్చు కుప్పగా పోసి ఉంది, ఆ ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. సిలార్ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

రోశయ్య గారు గొంతు సవరించుకున్నాడు. "సిలార్ మంచోడే, కాదన్ను. కానీ కాటా అంటే నమ్మకమయ్యా. పరీక్షలో పక్కోడి పేపరు చూసి రాసి దొరికినోడి చేతికి కాటా ఇస్తే రేపు ఊరు మనల్నంటది. నేను గాలి మాటలు చెప్పట్లా. ఆ పక్కోడు ఇక్కడే ఉన్నాడు. ఏం భావనారాయణా, అవునా, కాదా?"

గుమ్మం దగ్గరున్న సిలార్ వైపు ఒకసారి చూశాను.

"కాదండి," అన్నాను.

గోడౌన్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. రోశయ్య గారు నా వైపు పూర్తిగా తిరిగాడు. "ఏందీ?"

"కాదు. వాడు చూడలేదు. ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఎలా తప్పో చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి." లేచి మచ్చు కుప్ప దగ్గరికి వెళ్లాను. "రోశయ్య గారూ, మీరు ఇటు కూర్చోండి. యలమందయ్య బాబాయ్, నువ్వు ఆ మూలకు పో."

యలమందయ్య బడి గుమ్మం తొక్కనివాడు, అరవై ఏళ్లవాడు. "నన్నెందుకురా ఇందులోకి?" అంటూనే లేచాడు.

"ఇద్దరికీ ఒకటే లెక్క. రెండు అంకెలు చెప్పాలి. కలిపితే పదమూడు కావాలి, గుణిస్తే ముప్పై ఆరు కావాలి. నోటితో చెప్పొద్దు. అన్ని మిరపకాయలు రెండు కుప్పలుగా పెట్టి పైన తువ్వాలు కప్పండి."

"ఇదేం పిల్లాటయ్యా!" అన్నాడు రోశయ్య గారు. కానీ పాతికమంది చూస్తుంటే కాదనలేకపోయాడు. వేళ్ల మీద ఎక్కాలు గొణుక్కున్నాడు. యలమందయ్యకు ఎక్కాలు రావు. ముప్పై ఆరు కాయలు లెక్కపెట్టుకుని నేల మీద వరసలు పేర్చాడు. మూడేసి పేర్చి చూసి చెరిపాడు, ఆరేసి పేర్చి చెరిపాడు. మళ్లీ పేర్చి, చాలాసేపు చూసి, తల గోక్కుని, తువ్వాలు కప్పాడు.

ఇద్దరివీ తీయించాను. రోశయ్య గారి దగ్గర ఒక కుప్ప నాలుగు, ఒక కుప్ప తొమ్మిది. యలమందయ్య దగ్గర ఒక కుప్ప తొమ్మిది, ఒక కుప్ప నాలుగు.

"రోశయ్య గారూ," అన్నాను, "మీరు యలమందయ్యది కాపీ కొట్టారా?"

నవ్వులు లేచాయి. "కొట్టే ఉంటాడు, దొరక్కుండా తిరగేశాడు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హెడ్మాస్టరు గదిలో నేను విన్న మాటే అది.

రోశయ్య గారి మొహం ఎర్రబడింది. "ఏం మాటలయ్యా అవి! నేను అటు చూడనన్నా లేదు. అవి తప్ప ఇంకోటి లేవుగా రావటానికి!"

అన్నాక ఆయన మాట ఆయనకే వినపడింది.

"అదేనండి," అన్నాను. "ఆ రోజు సిలార్‌కి అవి తప్ప ఇంకోటి లేవు. నాకూ అంతే. ఇద్దరికీ ఒకటే వచ్చిందని నేను పితూరీ చెప్పాను. ఇంకోటుంది. వాడు నా వైపు వంగిన మాట నిజం. నా పాళీ విరిగితే తన పాళీ ఇవ్వడానికి వంగాడు. హెడ్మాస్టరు అడిగితే నేను చెప్పలేదు. నా పరీక్ష పోతుందని చెప్పలేదు."

నేను గుమ్మం వైపు చూశాను. సిలార్ మొహంలో ఆనందం ఉంటుందనుకున్నాను. లేదు. పద్నాలుగేళ్ల క్రితం హెడ్మాస్టరు గదిలో చూసిన ఆ మొహమే. భుజం మీద తువ్వాలు సర్దుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

కమిటీలో జక్రయ్య అనే ఆయన మొదట తేరుకున్నాడు. "ఇంకేం చూస్తారయ్యా, చేతులెత్తండి." నాలుగు చేతులు లేచాయి. కాసేపటికి ఐదోది కూడా, సగం వరకు లేచింది. "ఈ సీజనుకి చూద్దాం," అన్నాడు రోశయ్య గారు.

మర్నాడు పొద్దున చెక్కపెట్టె తెరిచి ఎస్సెల్సీ సర్టిఫికెట్టు మడతలోంచి ఇత్తడి పాళీ తీశాను. మాణిక్యమ్మ చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్లూ అది మనింట్లోనే ఉందా?"

"ఉంది."

"పెట్టె దులిపినప్పుడల్లా ఇదేంటని అడిగితే, పాత సామాను అన్నారు నాతో."

పాళీ జేబులో వేసుకుని బయటపడ్డాను.

సిలార్ ఇంటి ముందు పందిట్లో పరుపు కుడుతున్నాడు. భార్య జానీబీ నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

"రండి భావనారాయణ గారూ. కూర్చోండి."

కూర్చోలేదు. "సిలారూ, ఆ లెక్క సంగతి నాకు నిన్న పొద్దునే తెలిసింది. మా అమ్మాయి చెప్పింది."

సూది పరుపులో సగం దిగి ఆగింది. "ఏంటి తెలిసింది?"

"ఎవరు చేసినా అవే వస్తాయని."

"నిన్ననా?"

"నిన్ననే."

వాడు సూది వదిలేశాడు. "గట్టు మీద చెప్పాగా నీకు! వారం పాటు చెప్పా. పత్తికాయలు అటూ ఇటూ మార్చి చూపించా, కూడితే ఇదీ, గుణిస్తే అదీ కుదరాలని. తలూపావు."

"తలూపాను. అర్థం కాక తలూపాను."

"అంటే..." వాడు లేచి నిలబడ్డాడు. నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "అంటే నీకు లెక్క రాదా?"

"రాదు. బట్టీ పట్టాను."

"నువ్వు తెలిసే చెప్పావనుకున్నానురా." గారు పోయింది. వాడికి తెలియకుండానే పోయింది. "అన్నీ తెలిసి, నన్ను ముంచడానికే చెప్పావనుకున్నా. నీకు ఇంత కసి ఎందుకా అని పద్నాలుగేళ్లు ఆలోచించా. మీ చేలో పత్తికాయలు తెంపానని మీ నాన్న ఏమన్నా అన్నాడేమో, అందుకేమో అని కూడా అనుకున్నా. నీకు లెక్క రాదని మాత్రం తట్టలేదు."

వాడు చూశాడా లేదా అని నేను అన్నేళ్లు మోస్తే, వాడు దీన్ని మోశాడు.

"హెడ్మాస్టరుతో నువ్వన్నా చెప్పలేదే, అవే వస్తాయని?"

"ఎవరడిగారు? ఇంకో లెక్క ఇచ్చి చెయ్యమంటే అయిపోయేది. ఇస్తారేమోనని మూడు రోజులు స్కూలు గేటు దగ్గర నిలబడ్డా. పలక కూడా తీసుకెళ్లా." వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవరూ ఇవ్వలా."

వాడు మళ్లీ కూర్చున్నాడు. నేను కూడా కూర్చున్నాను, నేల మీదే. జేబులోంచి పాళీ తీసి అరచేతిలో పెట్టి చాపాను.

సిలార్ దాన్ని వెంటనే తీసుకోలేదు. వంగి చూశాడు. తర్వాత రెండు వేళ్లతో తీసి, బడిలో చేసినట్టే, ఎడమచేతి బొటనవేలి గోరు మీద మొన ఆనించి నొక్కి చూశాడు.

"రేపు ఇచ్చేస్తానన్నావు," అన్నాడు.

"అన్నాను."

"కుడిపక్క అరగదీశావురా. నీ చెయ్యి ఎప్పుడూ ఆ వాలే."

లోపలికి చూసి, "జానీబీ, సిరాబుడ్డి ఉందేమో చూడు. కాటా పుస్తకం ఇవాళే మొదలు," అని కేకేశాడు. పాళీని చొక్కా కొసతో తుడిచి పైజేబులో వేసుకున్నాడు.

"పాళీ వరకూ చెల్లు," అన్నాడు, సూది మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.